ప్రైమాక్విన్ మాత్రకు ముందు ఒక్క రక్తపు చుక్క: తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, ఏజెన్సీ మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న డాక్టర్లకు నమస్కారం. మలేరియాకు రోజూ ఇచ్చే ప్రైమాక్విన్ కోర్సు మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష తప్పనిసరి చేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. 22 ఏళ్ళుగా ఏటా బోర్డు మీద గీసే బొమ్మ ఒకటుంది. గ్లూకోజ్ శక్తిగా మారే పెద్దదారి నుంచి పక్కకు మళ్ళే సందు అది. పుస్తకాల్లో దాన్ని పెంటోజ్ ఫాస్ఫేట్ పాత్‌వే అంటారు. ఆ సందు మొదట్లో ఒక బాణం గీసి, దాని మీద గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, పొట్టిగా జీ6పీడీ, అని ఎంజైమ్ పేరు రాస్తాను. బాణం కింద ఎన్‌ఏడీపీహెచ్ అని రాసి, రెండు గీతలు గట్టిగా కొడతాను. ఐదు మార్కుల ప్రశ్న కాబట్టి పిల్లలు ఆ రెండు గీతలతో సహా నోట్సులోకి ఎక్కించుకుంటారు.

ఆ బాణం బలహీనంగా ఉన్న పిల్లవాడు ఎలా ఉంటాడో మూడేళ్ళ కిందటి వానాకాలంలో మా ఇంట్లోనే చూశాను.

మా తమ్ముడు పాడేరు పైన ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. వాడి కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. చలిజ్వరం వస్తే ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి కిట్ మీద చూసింది. వైవాక్స్ మలేరియా. మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ అని చెప్పి, రోజూ ఇంటికొచ్చి తన కళ్ళ ముందే మాత్ర మింగించింది. ఆవిడ చేసినదాంట్లో వేలెత్తి చూపాల్సింది ఏమీ లేదు. నియమం ఎలా ఉందో అలాగే చేసింది. మూడో రోజుకు జ్వరం దిగింది. వాడు లేచి చద్దన్నం అడిగాడు.

నాలుగో రోజు సాయంత్రం మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, చిన్నోడికి ఒంటేలు నల్లగా వస్తోంది. నడుం నొప్పంటున్నాడు. నీళ్ళు సరిగ్గా తాగట్లేదేమో అనుకున్నా గానీ ఇది అలా లేదు" అంది. ఖాళీ సిరప్ సీసా కడిగి, అందులో పట్టి ఉంచింది. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి ఫొటో తీసి పంపింది. నేరేడు పళ్ళు పిండి నీళ్ళు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ ఫొటో చూసి నేను కూడా కామెర్లేమో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధ పడుతున్నాను. ఎందుకంటే ఆ సీసాలో ఉన్నది ఏమిటో తెలిసి ఉండాల్సిన మనిషిని నేను.

మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలోనూ కామెర్లే అన్నారు. ఏం మందులు వాడుతున్నారని ఎవరూ అడగలేదు. నీరసానికని విటమిన్ల మాత్రలు రాశారు. ఆ రాత్రి ప్రైమాక్విన్ కూడా వేశారు, కోర్సు మధ్యలో ఆపకూడదని గట్టిగా చెప్పి ఉన్నారు కదా. మర్నాడు కింద టౌనుకు తెచ్చేసరికి హిమోగ్లోబిన్ 5.4. పిల్లాడి పెదాలు తెల్లగా పాలిపోయి, కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. అక్కడి పాథాలజిస్ట్ నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు అంచు కొరికి వదిలేసిన బిస్కెట్లలా ఉన్నాయి. ఇంకో స్లైడు మీద ప్రత్యేకమైన రంగు వేసి చూపించారు. కణాల లోపల, గోడకు అంటుకుని, చిన్న చిన్న నల్లటి మచ్చలు. హైంజ్ బాడీలు. నేను పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసే మాట అది.

ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. మాత్ర ఆపారు. పది రోజుల్లో కోలుకున్నాడు. దారిలో వంతెన తెగిపోయి ఒక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయలేను. ఏజెన్సీలో వానాకాలం వంతెనల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇది మా ఇంటి కష్టం చెప్పుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదు. ఆ మాత్రకూ ఆ సీసాకూ మధ్య ఏం జరిగిందో వివరంగా రాస్తాను. అది అర్థమైతే నేను అడగబోయేది ఎంత చిన్న కోరికో మీకే తెలుస్తుంది.

ఇనుప మూకుడు తడిగా బోర్లించి ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది. ఎర్ర రక్తకణం బతుకంతా ఆ తడి మూకుడి బతుకే. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కో అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉంటాయి. వాటి పక్కనే ఆక్సిజన్. 120 రోజులు ఇనుమూ ఆక్సిజనూ ఒకే చోట కాపురం చేయాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా రోజుకు ఒకటి నుంచి మూడు శాతం హిమోగ్లోబిన్‌లో ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ పట్టుకుపోతుంది. అలా పుట్టేదే సూపరాక్సైడ్. ఇది జబ్బు వల్ల వచ్చేది కాదు. ఊపిరి తీసుకుని బతికే ప్రతి మనిషిలో, ఈ ఉత్తరం చదువుతున్న మీలో, ఈ క్షణం జరుగుతున్న పని.

సూపరాక్సైడ్‌ను పట్టి దించడానికి ఒక ఎంజైమ్ ఉందని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు కనిపెట్టారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. అది సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. గాయం కడగడానికి మెడికల్ షాపులో కొనుక్కునే నురగ మందు ఇదే. అది కూడా ప్రమాదమే, ఎందుకంటే విడి ఇనుము తగిలితే దాన్నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాన్ని ఆపగల ఎంజైమ్ ఒంట్లో లేదు. ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని, కొవ్వునీ ప్రొటీన్‌నీ డీఎన్‌ఏనీ, కాల్చేస్తుంది. కాబట్టి అందాకా పోనివ్వకుండా పెరాక్సైడ్ దగ్గరే నీళ్ళుగా మార్చి వదిలించుకోవాలి. ఆ పనికి కెటలేజ్, పెరాక్సిరెడాక్సిన్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అని ముగ్గురు కాపలావాళ్ళున్నారు.

ఈ గ్లూటాథయోన్ దగ్గర కాసేపు ఆగాలి. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న దండ ఇది. మధ్య పూస సిస్టీన్‌కు ఒక గంధకం ఉంటుంది. పెరాక్సైడ్‌ను నీళ్ళుగా మార్చడానికి తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది ఆ గంధకమే. ఇచ్చేశాక రెండు గ్లూటాథయోన్లు ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా ఉండిపోతాయి. జంటగా ఉన్నంతసేపూ వాటివల్ల పని జరగదు. ఆరోగ్యంగా ఉన్న కణంలో పనికొచ్చే గ్లూటాథయోన్లు వందకు పైగా ఉంటే, ఇలా జంటకట్టి కూర్చున్నది ఒకటి ఉంటుంది. ఆ లెక్క చెడకుండా ఉండాలంటే, జంటలను ఎప్పటికప్పుడు విడదీసి మళ్ళీ కాపలాకు పంపాలి. విడదీయడానికి కావాల్సిన ఎలక్ట్రాన్లు తెచ్చిపెట్టేది ఎన్‌ఏడీపీహెచ్.

పుస్తకాల్లో రెడాక్స్ సమతుల్యత అని పెద్ద మాట రాస్తాం. అది ఒక సంసారం లెక్క. ఎలక్ట్రాన్లు ఖర్చవుతూ ఉంటాయి, ఖర్చయినంతా తిరిగి రాబడి రావాలి. కెటలేజ్ కూడా పాడవకుండా ఉండటానికి ఎన్‌ఏడీపీహెచ్‌నే తనతో అంటిపెట్టుకుని ఉంటుంది. అంటే ఇంటి ఖర్చంతా ఒకే చేతి సంపాదన మీద నడుస్తోందన్నమాట.

కాలేయంలోనో కండరంలోనో ఉన్న కణానికి ఆ సంపాదన నాలుగు వైపుల నుంచి వస్తుంది. పైగా దానికి కేంద్రకం ఉంది. ఆక్సీకరణ దెబ్బ పెరిగిందనుకోండి, కీప్1 అనే ప్రొటీన్‌లోని గంధకాలకు ఆ సెగ తగులుతుంది. అప్పటిదాకా అది పట్టి ఉంచిన ఎన్‌ఆర్‌ఎఫ్2 విడిపోయి కేంద్రకంలోకి వెళ్ళి, కాపలా ఎంజైమ్‌లను తయారుచేసే జన్యువులను లేపుతుంది. కణం కొత్త కాపలావాళ్ళను పుట్టించుకుంటుంది. ఎర్ర రక్తకణానికి ఆ అదృష్టం లేదు. హిమోగ్లోబిన్‌కు చోటు ఇవ్వడం కోసం కేంద్రకాన్నీ మైటోకాండ్రియానీ వదిలేసుకుని అది రక్తంలోకి వస్తుంది. పుట్టినప్పుడు ఏ ఎంజైమ్ ఎంత ఉందో 120 రోజులూ దానితోనే సరిపెట్టుకోవాలి. ఎన్‌ఏడీపీహెచ్ కోసం దానికున్న దారి ఒక్కటే. నేను బోర్డు మీద గీసే ఆ సందు. ఆ సందు గుమ్మంలో నిలబడే ఎంజైమ్ జీ6పీడీ.

ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్ళు ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మంది. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే రకాలు మూడు: మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్, ఒరిస్సా. మూడో దానికి ఆ పేరు రావడానికి కారణం మన పొరుగు గిరిజన ప్రాంతాలే. మలేరియా తరతరాలుగా ఉన్నచోటే ఈ లోపం కూడా ఎక్కువగా ఉంటుంది. పరాన్నజీవి ఎర్ర కణంలో దూరి హిమోగ్లోబిన్ తింటున్నప్పుడు ఆ కణంలో ఆక్సీకరణ సెగ పెరుగుతుంది. ఎంజైమ్ తక్కువున్న కణం ఆ సెగకు తట్టుకోలేదు, అందులోని పరాన్నజీవికీ ఎదగడం కష్టమవుతుంది. ఒకప్పుడు పిల్లలను కాపాడిన లోపమే, మాత్ర చేతికొచ్చాక ప్రమాదమైంది. అధికారులు ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ప్రైమాక్విన్ ఎక్కడ ఎక్కువగా పంచుతున్నామో, జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే.

మామూలు రోజుల్లో ఈ పిల్లల్లో ఏ తేడా కనిపించదు. ఆడతారు, చెట్లెక్కుతారు. ఉన్న కొద్దిపాటి ఎంజైమ్ రోజువారీ ఖర్చుకు సరిపోతుంది. ప్రైమాక్విన్ ఒంట్లో విరిగినప్పుడు పుట్టే పదార్థాలు ఎలక్ట్రాన్‌ను ఒకచోట లాక్కుని ఆక్సిజన్‌కు ఇచ్చి, మళ్ళీ లాక్కోవడానికి వెనక్కి వస్తాయి. ఒక్క అణువు ఎన్నిసార్లయినా తిరగగలదు. తిరిగిన ప్రతిసారీ పెరాక్సైడ్ పుడుతుంది. మామూలు కణం రాబడి పెంచి తట్టుకుంటుంది. లోపమున్న కణంలో గ్లూటాథయోన్ అంతా జంటలు కట్టి కూర్చుంటుంది, విడదీసే దిక్కుండదు. తర్వాత దెబ్బ హిమోగ్లోబిన్ మీద పడుతుంది. అది విరిగి ముద్దలై గోడకు అంటుకుంటుంది. నేను చూసిన నల్ల మచ్చలవే. ప్లీహం ఆ ముద్దలను కొరికి తీస్తుంది. కొన్ని కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. వాటిలోంచి ఒలికిన హిమోగ్లోబిన్ మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. మా మరదలు సిరప్ సీసాలో పట్టింది దాన్నే.

ఆక్సిజన్ రాడికల్స్ అనగానే అవన్నీ శత్రువులని, యాంటీ ఆక్సిడెంట్ మాత్ర మింగితే సరిపోతుందని ఒక నమ్మకం బాగా పాకిపోయింది. మందుల షాపుల్లోనూ, కొందరు డాక్టర్ల చీటీల్లోనూ అదే కనిపిస్తోంది. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి అదే ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చుపెట్టి కావాలనే సూపరాక్సైడ్ పుట్టిస్తాయి. ఆ శక్తి లేకుండా పుట్టిన పిల్లలు వరుసగా ఇన్‌ఫెక్షన్ల పాలవుతారు. కొద్ది మోతాదులో పెరాక్సైడ్ కణాల మధ్య సమాచారం కూడా మోస్తుంది. ఫిన్లండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. మా పిల్లాడి విషయంలో అయితే భారీ మోతాదు విటమిన్ సి సెలైన్‌లో ఎక్కించి ఉంటే ఇంకా కణాలు పగిలేవి, ఎందుకంటే అంత మోతాదులో అది కూడా పెరాక్సైడ్ పుట్టిస్తుంది. రాబడి ఆగిన ఇంటికి బయటి నుంచి సరుకు తెచ్చి పోస్తే సంసారం నిలబడదు. ఏ పని వల్ల ఖర్చు పెరుగుతోందో ఆ పని ఆపాలి. ఇక్కడ చికిత్స అంటే ముందుగా ఆ మాత్ర ఆపడమే.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు మలేరియా మందు కోసం షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇల్లినాయ్‌లోని స్టేట్‌విల్ జైలులో ఖైదీల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. ఈ రకం మందులకు కొందరికి రక్తం పగిలిపోతోందని చూశారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి ఖైదీలు. జైల్లో ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలో అన్నది వేరే పెద్ద ప్రశ్న. వాళ్ళ రక్తం మీద తేలిన నిజం 1956లో ప్రచురితమైంది: లోపం జీ6పీడీలో ఉంది. వాళ్ళు అంత మూల్యం చెల్లించి ఇచ్చిన సమాచారం దాదాపు 70 ఏళ్ళ తర్వాత కూడా మా పిల్లాడి మంచం దగ్గరికి చేరలేదు.

పరీక్ష కూడా పాతదే. 1968 నుంచి ఉంది. మా కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులతో కలిసి చేశాను. వేలి చివర నుంచి ఒక చుక్క రక్తం తీసి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఎన్‌ఏడీపీ ఉన్న ద్రావణంలో కలపాలి. కాసేపు వెచ్చగా ఉంచి, ఫిల్టర్ పేపర్ మీద బొట్టు పెట్టి ఆరనివ్వాలి. తర్వాత గది చీకటి చేసి అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. బ్యాంకు కౌంటర్లో దొంగనోట్లు చూసే దీపం లాంటిదే. ఎంజైమ్ ఉంటే ఎన్‌ఏడీపీహెచ్ పుడుతుంది, అది ఆ వెలుగులో మెరుస్తుంది. ఆ రోజు పేపర్ మీద పన్నెండు బొట్లు పెట్టాం. పదకొండు బొట్లు లేత నీలంగా వెలిగాయి. మా చిన్నోడి బొట్టు ఒక్కటే చీకట్లో కలిసిపోయింది. "అత్తా, నాది కనబడట్లేదేంటి?" అని వాడు దగ్గరికొచ్చి అడిగాడు. క్లాసులో పిల్లలందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు.

ఈ పరీక్ష విషయంలో డాక్టర్లు మరచిపోకూడని మెలిక ఒకటుంది. మా వాడికి ఆసుపత్రిలో ఉన్నప్పుడే జీ6పీడీ పరీక్ష చేయించారు. నార్మల్ అని వచ్చింది. కారణం ఏమంటే, ఎంజైమ్ తక్కువగా మిగిలిన ముసలి కణాలు అప్పటికే పగిలిపోయాయి. రక్తంలో ఉన్నవి కొత్తగా పుట్టినవి, వాటిలో ఎంజైమ్ కాస్త ఎక్కువ ఉంటుంది. పైగా ఇంకొకరి రక్తం కూడా ఎక్కించారు. మూడు నెలలాగి మళ్ళీ చేయిస్తేనే లోపం బయటపడింది. ఆ మొదటి రిపోర్టు నమ్మి ఉంటే వచ్చే వానాకాలం మళ్ళీ అదే మాత్ర వేసేవాళ్ళం.

ఇంకో మెలిక ఆడపిల్లల విషయంలో. వాళ్ళకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉన్నా, ప్రతి కణంలో ఒకటే పనిచేస్తుంది. అందుకని ఒక జన్యువు లోపమున్న ఆడవాళ్ళ రక్తంలో కొన్ని కణాలు బలమైనవి, కొన్ని బలహీనమైనవి. బొట్టు సగం సగంగా మెరిసి నార్మల్ అనిపించవచ్చు. వాళ్ళకు హిమోగ్లోబిన్ గ్రాముకు ఎన్ని యూనిట్ల ఎంజైమ్ ఉందో కొలిచి చెప్పే చేతి యంత్రం కావాలి. వేలి చుక్కతో కొద్ది నిమిషాల్లో చెప్పే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి.

ఇక నేను అడగదలచుకున్నది.

ప్రైమాక్విన్ మానేయమని నేను అనడం లేదు. ఈ మాట ఎవరూ పొరపాటుగా తీసుకోవద్దు. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రపోతూ ఉండి, నెలల తర్వాత లేచి మళ్ళీ జ్వరం తెస్తుంది. దాన్ని అక్కడే చంపే మందుల్లో మన చేతిలో ఉన్నది ఇదే. 2027కల్లా దేశంలో స్థానిక మలేరియా కేసులు సున్నా చేయాలని పెట్టుకున్న లక్ష్యం దీనితోనే నెరవేరాలి. అయితే ఒక గూడెంలో ఒక్క పిల్లాడికి ఒంటేలు నల్లబడితే, ఆ గూడెంలో ఇంకెవరూ ఆ మాత్ర మింగరు. ఆశా కార్యకర్త వెళ్ళగానే ఉమ్మేస్తారు. మా తమ్ముడి స్కూల్లో తల్లిదండ్రులు అదే చేశారు. పరీక్ష లేకుండా మాత్ర ఇవ్వడం వల్ల ఆ లక్ష్యమే వెనక్కి పోతోంది.

అందుకే 14 రోజుల ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి చేయండి. ఫాల్సిపేరమ్ అనే ఇంకో రకం మలేరియాకు ఒక్కసారి ఇచ్చే చిన్న మోతాదు గురించి కాదు నేను మాట్లాడుతున్నది, వరసగా రోజూ వేసే కోర్సు గురించి. క్లోరోక్విన్ వెంటనే మొదలుపెట్టేయొచ్చు, దానికి ఈ పరీక్షతో పని లేదు. ప్రైమాక్విన్ ఒకటి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. లోపం ఉందని తేలినవాళ్ళను చికిత్స లేకుండా వదిలేయాల్సిన పని కూడా లేదు. కిలో బరువుకు 0.75 మిల్లీగ్రాముల చొప్పున వారానికొకసారి, ఎనిమిది వారాలు, డాక్టర్ల పర్యవేక్షణలో ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వారం వ్యవధిలో పగిలిన ముసలి కణాల స్థానంలో కొత్తవి వస్తాయి కాబట్టి ఒంటికి తట్టుకునే సమయం దొరుకుతుంది.

డబ్బు, సిబ్బంది ఎక్కడినుంచి వస్తారని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కోసం 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకున్నారు. అందులో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. గూడెం గూడెం తిరిగి వేలు గుచ్చి రక్తం తీస్తున్నారు, ఫలితం కార్డు మీద రాసిస్తున్నారు. వెళ్తున్న మనిషి వెళ్తున్నాడు, గుచ్చిన వేలు గుచ్చే ఉంది. ఇంకొక్క చుక్క తీయండి. ఆ కార్డు మీద ఇంకొక్క వరుస పెట్టండి. జీ6పీడీ ఎంత ఉందన్నది పుట్టుకతో వచ్చేది. ఒకసారి సరిగ్గా పరీక్షించి రాస్తే ఆ మనిషికి జన్మంతా పనికొస్తుంది. కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు రాసే నైట్రోఫ్యురాంటోయిన్ లాంటి మందులు ఇచ్చే డాక్టరుకు కూడా ఆ వరుస కావాలి. రేపు ఒక్క మోతాదుతో సరిపోయే టాఫెనోక్విన్ మన దగ్గరికి వస్తే పరీక్ష అవసరం రెట్టింపవుతుంది. అది ఒంట్లో వారాల తరబడి ఉంటుంది. మింగాక ఆపేద్దామంటే ఆపేందుకు ఏమీ ఉండదు.

పరీక్ష అందని చోట కనీసం ఇది చేయండి. మూడో రోజు, ఏడో రోజు ఆశా కార్యకర్త వెళ్ళినప్పుడు మాత్ర మింగారా అని మాత్రమే అడగకుండా, ఒంటేలు ఏ రంగులో ఉందో చూడాలి. గంజి రంగు నుంచి నేరేడు రంగు దాకా ఒక అట్ట మీద అచ్చువేసి ఇవ్వండి. చదువు రాని తల్లి కూడా వేలు పెట్టి చూపిస్తుంది. ముదురు రంగు కనిపిస్తే మాత్ర ఆపేసి ఫోన్ చేసే అధికారం ఆశా కార్యకర్తకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆవిడ ఆ రోజు భయపడింది మందు ఆపితే తనను తిడతారనే.

పురిటి పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ లోపమున్న పసిబిడ్డకు కామెర్లు తీవ్రమై మెదడుకు ఎక్కవచ్చు. మగవాళ్ళలో ఈ లోపం మూడు నుంచి ఐదు శాతం దాటిన ప్రాంతాల్లో పుట్టగానే పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1989లోనే చెప్పారు. కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు చేసే పరీక్షల్లో ఇదీ ఉంది. మన ఇళ్ళలో పురిటి బట్టలు ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాస్తాం. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఒంట్లోకి చేరి, ప్రైమాక్విన్ చేసిన పనే చేస్తుంది. ఆషాఢంలో ముచ్చటపడి నెలల పిల్లల అరికాళ్ళకు కూడా గోరింటాకు పెడతాం. దాని ఎరుపుకు కారణమైన లాసోన్ నాఫ్తలీన్ కుటుంబానికి చెందిన పదార్థమే. లోపమున్న పసిపిల్లలకు గోరింటాకు పూశాక రక్తం పగిలిపోయిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పండగ మానమని కాదు. ఏడాది నిండని బిడ్డకు గోరింటాకు పెట్టొద్దని, పసివాళ్ళ బట్టల్లో ఉండలు వేయొద్దని అంగన్‌వాడీల్లో చెప్పించండి. ఇదే చోట ఇంకో మాట కూడా చెప్పించాలి. ఈ లోపమున్నవాళ్ళు తినకూడని చిక్కుడు బాకలా చిక్కుడు. మన పెరటి పందిరి చిక్కుడు వేరే మొక్క. పేరు చూసి భయపడి, ఆ పిల్లలకు చిక్కుడుకాయ కూర మాన్పిస్తున్న ఇళ్ళు నాకు తెలుసు.

మా చిన్నోడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. వాడి స్కూలు ఐడీ కార్డు వెనక మా మరదలు తెల్లకాగితం ముక్క అంటించి, మీద టేపు వేసింది. "జీ6పీడీ లోపం. ప్రైమాక్విన్, డాప్సోన్ ఇవ్వవద్దు" అని నా చేత ఎర్ర సిరాతో రాయించుకుంది. వానకు తడిసి ఆ అక్షరాలు రెండుసార్లు చెదిరిపోతే రెండుసార్లూ మళ్ళీ రాశాను. మీరిచ్చే సికిల్ సెల్ కార్డు మీద, తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద, చెదరకుండా అచ్చయిన ఆ ఒక్క వరుస కోసమే ఈ ఉత్తరం.

ఇట్లు,
ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు,
అనకాపల్లి జిల్లా